బాణం గుర్తు ముఠా

నేర పరిశోధకులు రెండు రకాలు. నేరం జరిగాక నేరస్థుణ్ణి పట్టుకునేవాళ్ళు మొదటి రకం. వాళ్ళు ఎక్కడపడితే అక్కడ దొరుకుతారు. నేరం జరిగిందని ఇంట్లో ఎవరికీ తెలియకముందే పట్టుకునేవాళ్ళు రెండో రకం. ఆ రకంలో ప్రస్తుతానికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక్కోసారి నేరం జరగకపోయినా పట్టుకుంటాను.

ఇంత మేధావి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ ఎందుకు కూర్చున్నాడని మీరడగవచ్చు. మా బావ కూడా అదే అడుగుతాడు, కాకపోతే మేధావి అనే మాట వాడడు. నా జవాబు ఒక్కటే. ప్రూఫులు దిద్దడం కూడా పరిశోధనే. తప్పిపోయిన దీర్ఘాన్ని వెతికి తేవాలి. దొంగచాటుగా దూరిన ఒత్తుని మెడపట్టి బయటికి గెంటాలి. ఒకే మాట రెండుసార్లు పడితే రెండోదాన్ని దయాదాక్షిణ్యం లేకుండా కొట్టెయ్యాలి. ఈ మూడో విద్యలో మా ఆఫీసులో నన్ను మించినవాడు లేడు.

మా అక్కా బావా కింద ఉంటారు, నేను మేడమీద గదిలో ఉంటాను. బావకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఎవరూ కొనక మూలపడ్డ పెద్ద భూతద్దం ఒకటి ఆయన నాకిచ్చాడు. అప్పట్నుంచి వీధి వీధంతా నన్ను భూతద్దం అనే పిలుస్తోంది. నేను దాన్ని బిరుదు కిందే స్వీకరించాను.

నా పూర్వపు విజయాలు రెండు చెబుతాను. ఒకసారి నా ఎడమ చెప్పు మాయమైంది. రెండు రోజుల విచారణ తర్వాత అది నా కుడికాలికే దొరికింది. మరోసారి మా ఇంటికి రావాల్సిన వారపత్రిక మూడు వారాలు వరసగా రాలేదు. పేపరు వేసే ఆయన్ని, ఎదురింటివాళ్ళని, వాళ్ళ కుక్కని ప్రశ్నించి చివరికి అసలు వ్యక్తిని పట్టుకున్నాను. ఆ పత్రిక మాన్పించింది నేనే. ఈ కేసు తర్వాత కొంతకాలం ఎవరూ నాకు కేసులివ్వలేదు.

ఇక అసలు కథ. ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం ఒంటిగంటకి అక్క గేటు తీసి వదిలేసి, పరుగున ఇంట్లోకొచ్చింది.

"ఒరేయ్! పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదురా!"

"ఏమీ లేకపోవడమేంటక్కా? నిన్న నేనే కదా కాపీ చేసిచ్చాను?"

"అందుకే పరిగెత్తుకొచ్చాను."

మా అక్క వినికిడి లేని పిల్లలకి టీచరు. పాఠాలన్నీ చేతులతో, సైగలతో చెబుతుంది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం వెనకగదిలో గోడకి నీలం దుప్పటి కట్టి, బావ చేత ఫోన్ పట్టించి, ఒక్కో పాఠాన్నీ వీడియో తీసింది. మొత్తం నూట ఇరవై ఆరు పాఠాలు. అన్నీ మా కంప్యూటర్‌లో 'సైగలు' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫోన్ నిండిపోతోందని ఎప్పటికప్పుడు అందులోంచి తీసేసేవాళ్ళు కాబట్టి ఇంకెక్కడా లేవు. ఆ రోజు నాలుగింటికి స్కూలు కమిటీవాళ్ళు వచ్చి వాటిని చూస్తారు. నచ్చితే సైగల తరగతి వచ్చే ఏడు కూడా ఉంటుంది. నచ్చకపోతే ఆ పదకొండు మంది పిల్లల్నీ మామూలు తరగతుల్లో కలిపేస్తారు. అక్కడ వాళ్ళు పొద్దస్తమానం టీచరు పెదాలు కదలడం చూస్తూ కూర్చోవాలి.

ఆ వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని ముందురోజు సాయంత్రం అక్క బావని అడిగింది. నేను మధ్యలో దూరి లాక్కున్నాను. కాపీ అన్నాను, పేస్ట్ అన్నాను, ఒక్క క్షణంలో అయిపోయింది.

"నూట ఇరవై ఆరు వీడియోలు అంత త్వరగా ఎక్కాయా?" అన్నాడు బావ అనుమానంగా.

"మీరైతే అరగంట చేసేవారు బావా. అదంతా చేతివాటం," అన్నాను నేను.

చేతివాటం అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉందని ఆ క్షణంలో నాకు తట్టలేదు.

అక్క పెన్‌డ్రైవ్ తెచ్చి మా కంప్యూటర్‌కి గుచ్చింది. 'సైగలు' ఫోల్డర్ చక్కగా కనిపించింది. నేను మౌస్ లాక్కుని దానిమీద నొక్కాను. తెరమీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. నేరస్థులు దారి తప్పించడానికి వదిలే సందేశాలు నేను చదవను కాబట్టి వెంటనే మూసేశాను. పెన్‌డ్రైవ్ తీసేసి, కంప్యూటర్ తెరమీదే ఉన్న 'సైగలు' ఫోల్డర్ మీద నొక్కాను. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ మూసేశాను.

"ఇక్కడ కూడా లేవా?" అంది అక్క.

అక్క కుర్చీలో కూలబడిపోయింది. పొద్దున లేచింది మొదలు ఊరుకోని ఆ చేతులు రెండూ ఒళ్ళో పడి ఉండిపోయాయి. మా అక్కని అలా చూడటం నాకు అదే మొదటిసారి. కానీ పరిశోధకుడనేవాడు బయటపడకూడదు కదా. జేబులోంచి భూతద్దం తీశాను.

"ఎవరూ కదలొద్దు!"

"మేం కూర్చునే ఉన్నాం కదోయ్," అన్నాడు బావ. ఆయన భోజనానికని షాపు మూసి వచ్చి, ఈ గొడవలో ఇరుక్కుపోయాడు.

భూతద్దాన్ని తెరకి ఆనించి చూశాను. ఒళ్ళు గగుర్పొడిచింది.

"బావా! చుక్కలు! ఎరుపు, ఆకుపచ్చ, నీలం. వరసగా, పద్ధతిగా ఉన్నాయి. ఇది రహస్యలిపి!"

"ఏ తెరమీద పెట్టి చూసినా అవే కనిపిస్తాయి. కావాలంటే నా ఫోన్ మీద పెట్టి చూడు."

చూశాను. అక్కడా అవే.

"అంటే వాళ్ళు మీ ఫోన్ దాకా వచ్చేశారన్నమాట," అన్నాను.

భూతద్దాన్ని మెల్లగా ఫోల్డర్ మీదికి జరిపాను. దాని కింది మూలన, ఎడమవైపు, చిన్న తెల్లటి గడిలో వంకర తిరిగిన బాణం గుర్తు ఒకటి కనిపించింది. ఇన్నేళ్ళుగా ఆ తెర చూస్తున్నాం, ఎవరైనా దాన్ని గమనించారా? లేదు. ఎందుకంటే వాళ్ళెవరూ నేను కాదు.

"బాణం గుర్తు! నేరం చేసి వెళుతూ సంతకం పెట్టి మరీ వెళ్ళారు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానికి కూడా ఇదే గుర్తు ఉంది. అక్కా, ఇది ఒక్కడి పని కాదు. దీని వెనక పెద్ద ముఠా ఉంది!"

తెరమీద ఇంకా అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. తొమ్మిది బాణాలు. ఆఖరికి బావ రోజూ ఆడుకునే పేకముక్కల ఆటకి కూడా ఉంది.

"పేకాటక్కూడానా?" అన్నాడు బావ. ఆయన గొంతులో మొదటిసారిగా కంగారు వినిపించింది.

అక్క లేచి చున్నీ సర్దుకుంది. "నాకు క్లాసు ఉంది, నేను వెళ్ళాలి. నువ్వు లెక్కపెడుతుంటే కంప్యూటర్ మెకానిక్‌గారికి ఫోన్ చేశాను, వస్తానన్నారు. నాలుగు లోపల దొరికితే తీసుకురండి. దొరక్కపోతే ఉత్త చేతులతోనే వెళ్ళి వాళ్ళ ముందు నిలబడతాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒరేయ్, నీకు పుణ్యముంటుంది, దేన్నీ ముట్టుకోకు."

నేను పుణ్యం సంగతి ఆలోచించలేదు. మెకానిక్ సంగతి ఆలోచించాను. పోయినవారం ఆయనే వచ్చి ఈ కంప్యూటర్ విప్పాడు. గంటసేపు దాని పేగులన్నీ బయటపెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ పిలవగానే వస్తానన్నాడు. పిలవగానే వచ్చే మెకానిక్‌ని మీరెక్కడైనా చూశారా?

"బావా, ఆయన వచ్చేలోపు నేరస్థలం సర్దిపెట్టాలి," అంటూ తెరమీది చెత్తబుట్ట బొమ్మమీద మౌస్ పెట్టాను. "ఈ చెత్తంతా ఖాళీ చేసేస్తే ఆధారాలు స్పష్టంగా కనిపిస్తాయి."

"నేరస్థలాన్ని ఎవరైనా ఊడుస్తారటోయ్?"

"అది పాత పద్ధతి."

కంప్యూటర్ మళ్ళీ ఏదో ప్రశ్న వేసింది. ఇది మాత్రం చదివాను. శాశ్వతంగా తుడిచెయ్యమంటావా అని అడుగుతోంది. అవును నొక్కబోతూ వేలు ఎత్తాను. సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. ఆ ప్రశ్నని అక్కడే వదిలేసి తలుపు తీయడానికి వెళ్ళాను. ఆ బెల్ ఒక్క క్షణం ఆలస్యంగా మోగి ఉంటే ఈ కథ రాసే మొహం నాకు ఉండేది కాదు.

మెకానిక్‌గారికి యాభై దాటి ఉంటాయి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, మా బావ షాపులో చేయించినవే. ఆయన నేరుగా కంప్యూటర్ దగ్గరికెళ్ళి, తెరమీది ప్రశ్న చదివి, నిలబడే ఒక మీట నొక్కి దాన్ని తీసేశాడు.

"సార్, అడిగిందానికల్లా అవుననకూడదు. ముందు ఆ బుట్టలో ఏముందో..."

"ఆగండి!" అని అడ్డం నిలబడ్డాను. "మీరు కంప్యూటర్‌ని తాకడానికి వీల్లేదు. అదిగో, ఆ కుర్చీలో కూర్చోండి. బావా, కిటికీ తెర వెయ్యండి. టార్చిలైటు ఇలా ఇవ్వండి."

"బ్యాటరీలు లేవు," అన్నాడు బావ.

బ్యాటరీలు లేని టార్చినే మెకానిక్‌గారి మొహమ్మీదికి పట్టి విచారణ మొదలుపెట్టాను.

"పోయినవారం మీరు ఈ ఇంటికి వచ్చారు. అవునా, కాదా?"

"వచ్చాను సార్. ఫ్యాన్ కోసం."

"మీరెవరికి ఫ్యాన్?"

"కంప్యూటర్ లోపల ఉండే ఫ్యాన్ సార్. చప్పుడు చేస్తుంటే మార్చాను."

"వెళ్తూ వెళ్తూ మా అక్కతో ఒక మాటన్నారు. అదేంటో మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన పాపం నిజంగానే ఆలోచించాడు. "మౌస్ పని కూడా అయిపోవచ్చింది, జాగ్రత్తగా వాడమన్నాను."

"ఎవరి పని అయిపోవచ్చింది? మౌస్ అనేది ఏ మనిషికి మారుపేరు?"

"ఏమోయ్, మౌస్ అంటే మౌసేనోయ్," అన్నాడు బావ.

"సాక్షులు మధ్యలో మాట్లాడకూడదు. చెప్పండి, ఈ బాణం గుర్తు మీకు తెలుసా?"

"తెలుసు సార్. అది షార్ట్‌కట్ గుర్తు."

"విన్నారా బావా! అడ్డదారులు తొక్కుతున్నట్టు తన నోటితో తనే ఒప్పుకున్నాడు!"

"అది కాదు సార్. ఒక్కసారి ఆ బుట్ట..."

"మళ్ళీ బుట్ట! నన్ను బుట్టలో వేసుకోవాలని చూడకండి. నా ముందు ఆ ఆటలు సాగవు."

మెకానిక్‌గారు మా బావ వంక చూశాడు. బావ 'ఏం చేస్తాం, భార్య తమ్ముడు' అన్నట్టు చూశాడు. గోడగడియారం రెండున్నర దాటింది. లోపల్లోపల నాకూ భయంగానే ఉంది. ఎంత గట్టిగా అరుస్తున్నానో అంత గట్టిగా అక్క ఒళ్ళో పడున్న ఆ చేతులు గుర్తొస్తున్నాయి. ముఠానైతే కనిపెట్టాను కానీ, వీడియోలు ఎక్కడున్నాయో నాకు ఈషణ్మాత్రం తెలియదు. తెలియనప్పుడు ఇంకా పెద్ద పని మొదలుపెట్టడం నా అలవాటు.

"వేలిముద్రలు తీస్తాను," అని ప్రకటించాను.

అక్క అద్దం ముందున్న పౌడరు డబ్బా తెచ్చాను. కీబోర్డు మీద కొంచెం చల్లాను. సరిపోదనిపించి ఇంకొంచెం చల్లాను. మౌస్ మీద చల్లుతుంటే మూత ఊడి డబ్బాలో ఉన్నదంతా ఒక్కసారిగా పడింది. గదంతా తెల్లగా అయిపోయింది. ఆ మేఘంలోనే మౌస్ మీద చెయ్యేసి, ముద్రలు బయటపడాలని దగ్గరగా వంగి మెల్లగా ఊదాను. ఊదింది తిరిగి నా ముక్కులోకే వచ్చింది.

మా ఇంట్లో నా తుమ్ములకి ఒక చరిత్ర ఉంది. అవి వస్తే మూడేసి వస్తాయి.

మొదటి తుమ్ముకి నా చెయ్యి మౌస్ మీద రెండుసార్లు టకటకమంది. మౌస్ బాణం ఇందాక నేను పెట్టిన చోటే, చెత్తబుట్ట మీదే ఉంది. బుట్ట తెరుచుకుంది.

"అదిగో!" అన్నాడు బావ.

రెండో తుమ్ముకి మౌస్ జారి పైకెళ్ళి, బుట్టలో ఉన్నవన్నీ వెనక్కి పంపే మీట మీద పడి టక్కుమంది. మూడో తుమ్ము మాత్రం ఎందుకూ పనికిరాలేదు, భూతద్దం ఎగిరి కిందపడింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి బుట్ట ఖాళీగా ఉంది. మెకానిక్‌గారు అప్పటికే కుర్చీ వదిలి లేచొచ్చాడు. ఈసారి ఆయన్ని ఆపడానికి నాకు ఊపిరి లేదు. ఆయన రెండుసార్లు నొక్కితే 'సైగలు' అనే ఫోల్డర్ తెరుచుకుంది. దానికి బాణం లేదు. లోపల నూట ఇరవై ఆరు వీడియోలు వరసగా ఉన్నాయి.

"ఇదే చెబుదామని అరగంట నుంచీ చూస్తున్నాను సార్," అన్నాడాయన.

"చూశారా! చిక్కుముడి విప్పేశాను!" అన్నాను, ఇంకా ముక్కు తుడుచుకుంటూనే. "ఇక దీన్ని బుట్టలో పడేసిన దొంగ ఎవడో తేలాలి."

బావ గొంతు సవరించుకున్నాడు. "బుట్ట తెరుచుకున్నప్పుడు నేను చదివానోయ్. ఎప్పుడు పడేశారో అందులో రాసుంది. నిన్న సాయంత్రం ఆరూ పది. ఆరూ పదికి ఈ కుర్చీలో ఎవరున్నారు?"

ఆ కుర్చీలో ఉన్నది నేనే.

"కాపీ చేశాక ఇంకేం చేశావు?"

"కాపీ అయ్యాక చూస్తే 'సైగలు' అనే పేరుతో రెండు కనిపించాయి బావా. ఒకటి తెరమీద, ఇంకోటి లోపలెక్కడో."

"అయితే?"

"ఒకే మాట రెండుసార్లు పడింది కదాని..."

"అని?"

"రెండోది కొట్టేశాను."

బావ కాసేపు పైకి, ఫ్యాన్ వంక చూశాడు. మెకానిక్‌గారు మాత్రం ఎంతో మర్యాదగా విడమరిచి చెప్పాడు. "తెరమీద ఉన్నది అసలు ఫోల్డర్ కాదు సార్, అడ్రసు రాసిన చీటీ. వెతుక్కోకుండా టీచరుగారు పెట్టుకున్నారు. ఆ బాణానికి అర్థం అదే. మీరు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది ఆ చీటీని. చెత్తలో పారేసింది ఇంటిని."

"అందుకే క్షణంలో ఎక్కింది," అన్నాడు బావ. "చేతివాటం!"

అంతటి బాణం గుర్తు ముఠాలో మొత్తం ఒక్కడే సభ్యుడున్నాడు. వాడు పౌడరు మొహంతో నిలబడి ఉన్నాడు. ప్రపంచంలో అందరి తప్పులూ చదివేవాణ్ణి, కంప్యూటర్ నన్నడిగిన ప్రశ్నని మాత్రం చదవలేదు. అదేమడిగిందో మెకానిక్‌గారు అప్పుడు చెప్పాడు. నువ్వు వెతికేది చెత్తబుట్టలో ఉంది, వెనక్కి తెమ్మంటావా అని అడిగిందట. నేను రెండుసార్లు అక్కర్లేదన్నాను.

"ఇప్పుడు మీరే కాపీ చెయ్యండి సార్," అంటూ ఆయన మౌస్ నా చేతికిచ్చాడు. "నేనుంటాను పక్కన."

బాణం లేని ఫోల్డర్ ఎంచుకున్నాను. కాపీ నొక్కాను. పెన్‌డ్రైవ్ తెరిచి పేస్ట్ నొక్కాను. ఆకుపచ్చ గీత ఒకటి మొదలైంది. ఇంకా గంటా నలభై నిమిషాలు పడుతుందని రాసుంది. గడియారంలో మూడూ అయిదు.

"దాని మాటలు నమ్మకండి సార్, నిమిషానికో మాట చెబుతుంది," అన్నాడు మెకానిక్‌గారు. నిజంగానే అది తొమ్మిది నిమిషాలంది, తర్వాత నలభై అంది. కాపీ జరగడం అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి పూర్తిగా చూశాను. ముగ్గురం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. మూడూ నలభై ఆరుకి అది చివర దాకా వెళ్ళింది.

"తెరిచి చూసుకోకుండా తీసుకెళ్ళకండి," అన్నాడాయన.

పెన్‌డ్రైవ్‌లోంచే ఒక వీడియో తెరిచాను. నీలం దుప్పటి ముందు అక్క నిలబడి ఉంది. ఒక మూలన బావ బొటనవేలు అడ్డం వచ్చింది. చప్పుడు లేదు. అక్క చేతులు ఏదో చెబుతున్నాయి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బావ మెల్లగా చదివాడు. "వాన ఎలా పడుతుందో చెబుతోంది. ఇదిగో, ఇది ఆవిరి. ఇది మబ్బు." రెండేళ్ళు ఫోన్ పట్టుకుని ఆయన నేర్చేసుకున్నాడు. రెండేళ్ళు అదే ఇంటి మేడమీద ఉండి, నేను ఒక్క ఆదివారం కూడా కిందికి దిగి ఇదేంటని చూడలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. ఫోల్డర్ పారేసినందుకంటే దీనికే ఎక్కువ సిగ్గేసింది.

స్కూలు రెండు వీధుల అవతల ఉంది. బావ స్కూటర్ తాళం వెతికేలోపు నేను పరుగెత్తాను. నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా ఆ గదిలో అడుగుపెట్టాను. ముందు వరసలో కమిటీవాళ్ళు అయిదుగురు, గోడవారగా బెంచీల మీద పదకొండు మంది పిల్లలు. అక్క బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ముందు పౌడరు చూసింది, తర్వాత నా గుప్పిట చూసింది.

"దొరికాయా?"

"దొరికాయక్కా. దొంగ కూడా దొరికాడు."

"ఎవడు వాడు?"

"ఇంటికొచ్చాక చూపిస్తాను."

అక్క నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తమ్ముళ్ళ మొహాలు చదవడానికి అక్కలకి భూతద్దాలు అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ అందుకుంది.

వీడియోలు తెరుచుకున్నాయి. తెరమీద వాన పాఠం నడుస్తుంటే ఆ పదకొండు మందీ తెలియకుండానే చేతులెత్తి అక్కతో పాటే మబ్బులు చేశారు. కమిటీలో ఉన్న పెద్దమేడం వీడియో చూడటం మానేసి పిల్లల్ని చూడసాగింది. చివరికి కాగితాలు సర్దుకుంటూ ఒక్కటే మాటంది. "ఈ తరగతి తీసెయ్యడానికి వీల్లేదు." నేను గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాను. పౌడరు కళ్ళల్లో పడిందని అడిగినవాళ్ళకి చెప్పాను.

ఆ సాయంత్రం జరిగిందంతా అక్కకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. మర్నాడు స్కూల్లో ఆ కథని పిల్లలకి సైగలతో చెప్పిందట. బాణం, బుట్ట, టార్చి, పౌడరు, ఏదీ వదల్లేదట. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారట.

వినికిడి లేనివాళ్ళు తమకి బాగా తెలిసిన ప్రతి మనిషికీ సైగలో ఒక పేరు పెట్టుకుంటారు. ఈమధ్య నేను శనివారాలు ఆ తరగతికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటున్నాను. అక్కడ నన్నెవరూ భూతద్దం అనరు. నేను గుమ్మంలో కనిపించగానే పదకొండు పిడికిళ్ళు పదకొండు ముక్కుల మీదికి వెళ్ళి ఒక్కసారిగా విచ్చుకుంటాయి. తుమ్ము అన్నమాట. వాళ్ళ భాషలో అదే నా పేరు. నేనూ చేతులెత్తి బదులు చెబుతాను. మొదటి శనివారం నా చేతుల్లో తప్పులు చాలా పడ్డాయి. పదకొండు మందీ చుట్టూ చేరి, ఒక్కోటీ దిద్దారు.